టోపీ తీయని కానిస్టేబుల్

ఆ ఉదయం మల్లేశ్వర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. షూటింగ్ అయ్యేదాకా టోపీ తీయకూడదు, అంతే.

కారణం వాళ్లమ్మ రేణుకమ్మ. కొడుకు ఉంగరాల జుట్టు కానిస్టేబుల్‌గా వేసిన పోలీసు కామెడీ సినిమా ఆడితే వాడికి గుండు చేయిస్తానని మొక్కుకుంది. పాపిష్టి సినిమా ఆడింది. మొన్ననే గుట్ట మీది గుడికి తీసుకెళ్లి మొక్కు తీర్చేసింది. రెండో భాగమేమో మొదటిది ఎక్కడ ఆగిందో అక్కడే, కానిస్టేబుల్ జీపు వెనక వేలాడుతూ దొంగను తరుముతుండగానే మొదలవుతుంది. గుండు సంగతి తెలిస్తే వేషం పోతుంది. ఎవరికి పోతుందో కూడా అందరికీ తెలుసు. డైరెక్టర్ శ్రీకాంత్ బామ్మర్ది నర్సింగ్ ఈ వేషం మీద ఆశతోనే ఏడాదిగా ఉంగరాల జుట్టు పెంచుతున్నాడు.

"జూలక్కా, జర కాపాడు," అని మేకప్ జూలీ కాళ్ల మీద పడ్డాడు మల్లేశ్వర్.

"మొక్కుకున్నది మీ అమ్మ, గుండు నీకా?" అంటూనే జూలీ ఓ విగ్గు వెతికి, జారిపోకుండా టోపీకే కుట్టేసింది.

కెమెరాకు పూజ మొదలైంది. "దేవుని ముందర టోపీ తియ్‌రా," అన్నాడు శ్రీకాంత్.

"పాత్రల ఉన్న అన్నా. తీస్తే బయటికొస్త."

శ్రీకాంత్ కళ్లు చెమర్చాయి. "చూసినవా? యాక్టరంటే గిట్లుండాలె," అని బామ్మర్దికి క్లాసు పీకాడు. నర్సింగ్ జుట్టు ఎగదువ్వుకున్నాడు.

మామిడిపల్లి దాటి ఎయిర్‌పోర్టు వైపు జీపు దూసుకుపోయింది. వెనక కారులో కెమెరా, శ్రీకాంత్, నర్సింగ్, జూలీ. గాలికి టోపీ లేచింది. జూలీ కుట్టు గట్టిది కనక జుట్టూ వెంటే వెళ్లింది. రెండూ కలిసి ఎదురొస్తున్న ఆటో అద్దానికి అతుక్కున్నాయి.

"ఎలుగు పిల్ల!" అని అరిచి డ్రైవర్ ఆటోలోంచి దూకాడు.

చిరుత వచ్చిందన్న పుకార్లకు అలవాటుపడ్డ జనం ఎలుగును నమ్మడానికి ఎంతోసేపు తీసుకోలేదు. టమాటా బండి సడన్ బ్రేకు వేసింది, పెట్టెలన్నీ రోడ్డు మీద దొర్లాయి, జీపూ ఆగిపోయింది. విమానం ఎక్కాల్సిన పెద్దమనిషి ఒకాయన సూట్‌కేసుతో సహా ట్యాక్సీ టాపు మీదికెక్కి కూర్చున్నాడు. ఎవరో ఫోన్ చేశారు. నిజమైన ఎస్సై లాఠీతో దిగాడు.

శ్రీకాంత్ చూసేలోపు జుట్టు అందుకోవాలి! మల్లేశ్వర్ జీపు మీంచి దూకి, టమాటాల మీద జారుకుంటూ వెళ్లి ఎలుగు మీద పడ్డాడు. జనం ఊపిరి బిగబట్టారు. వాడు లేచి ఆ ఎలుగును నెత్తిన పెట్టుకున్నాడు. చెవుల మీదుగా టమాటా రసం కారుతోంది.

"ఏ స్టేషన్‌రా నీది?" అన్నాడు ఎస్సై.

"సినిమా స్టేషన్ సార్. గుండు సార్. మా అమ్మ మొక్కు. మా డైరెక్టర్‌కు చెప్పకుండ్రి, నీ కాల్మొక్త."

డైరెక్టర్ వెనకే నిలబడి ఉన్నాడు.

ఎస్సై నవ్వు ఆపుకోలేక టమాటా పెట్టె మీద కూలబడ్డాడు. ఆటో డ్రైవర్ నవ్వాడు. టమాటాల ఆసామి కూడా నవ్వేసి, తర్వాత గుర్తొచ్చి తిట్టాడు.

మల్లేశ్వర్ ఏడుస్తూ టోపీ చాచాడు. "తప్పయింది అన్నా. వేషం నర్సింగ్‌కే ఇయ్యి."

శ్రీకాంత్ జనాన్ని చూశాడు. మొదటి భాగానికి థియేటర్లో ఇంత నవ్వు రాలేదు.

"ఇగ ఊకో! మొదటి భాగంల గూడ నీది విగ్గే, ఇప్పుడు బయటపడ్డది. కథ గట్ల పెడదం. కెమెరా ఆపలే, అంత వచ్చింది. టోపీ ఎగిరేది దగ్గర్నుంచి ఒక్క షాట్ తీస్తే సాలు."

మల్లేశ్వర్ ఏడుపు ఆపి అతన్ని కావలించుకున్నాడు. శ్రీకాంత్ చొక్కా కూడా ఎర్రబడింది.

జూలీ విగ్గును రెండు వేళ్లతో ఎత్తి చూసింది. "ఇది పచ్చడైంది అన్నా. ఇసొంటి ఉంగరాల జుట్టు ఇప్పటికిప్పుడు యాడ దొరుకుతది?"

అందరూ ఒక్కసారే నర్సింగ్ వైపు తిరిగారు.

సాయంత్రానికల్లా, నర్సింగ్ జుట్టుకు వేషం దొరికింది.