అచ్చిరాని అచ్చు

ఫ్రోడెకి ఈర్ష్య జలుబులాంటిది. చలికాలం మొదలవగానే పట్టుకుంటుంది, ముక్కు ఎర్రబడుతుంది, మందు మాత్రం ఎవరికీ తెలియదు. పోయినేడు అది ఒక పళ్ళ డాక్టరు వల్ల పట్టుకుంది.

మా రేవు ఊరు స్వెన్‌బోర్‌లో మా వీధివాళ్ళందరం నవంబరు చివరి ఆదివారం ఉమ్మడి హాల్లో చేరి, క్రిస్మస్ చెట్టుకి కాగితం గుండెలు అల్లుతాం. ఎర్రకాగితం ఒకటి, తెల్లకాగితం ఒకటి మడిచి, మడతవైపు నిలువుగా చీల్చి, రెండోవైపు గుండ్రంగా కత్తిరించి, ఆ పట్టీలను ఒకదానిలోంచి ఒకటి దూరిస్తే గుండె ఆకారంలో చిన్న బుట్ట తయారవుతుంది. గీసుకోవడానికి అట్టతో కోసిన అచ్చు ఒకటి కావాలి.

ఏళ్ళ తరబడి ఆ అచ్చు ఫ్రోడెదే. అతను పడవలకు రంగులు వేస్తాడు. ఓట్స్ డబ్బా అట్టని వంటింటి కత్తెరతో కోసి మాకిచ్చాడు. దాంతో అల్లిన గుండెలన్నీ ఎడమకి ఒరిగి, ఒక గ్లాసు ఎక్కువ తాగినట్టు వేలాడేవి. గుండెలు అలాగే ఉంటాయనుకున్నాం.

పోయినేడు వేసవిలో మూలింట్లోకి ఎస్కిల్ దిగాడు. రిటైరైన పళ్ళ డాక్టరు, ఒంటరి మనిషి. నవంబరులో ఓరోజు, ఫ్రోడె కోసిన అచ్చుని వెలుతురులో పెట్టి, పుచ్చిన పన్ను చూసినట్టు చూశాడు.

“చీలిక పొడవు గుండె వెడల్పు కన్నా వెంట్రుకవాసి ఎక్కువుండాలి. లేకపోతే మూసుకోదు,” అని చెప్పి, మర్నాడే తనొకటి కోసుకొచ్చి ఫ్రోడె భార్య రాగ్నా చేతికిచ్చాడు. ఆదివారందాకా దాచే బాధ్యత ఆమెదే.

తలమీద ఒక్క వెంట్రుకైనా లేని ఆ మనిషికి ఫ్రోడె ఆ రోజే ‘వెంట్రుకవాసి’ అని పేరు పెట్టేశాడు.

నేను వాళ్ళింట్లో కాఫీ తాగుతుండగానే యుద్ధం మొదలైంది.

“ఎంత నున్నగా ఉందో చూడు ఈ అంచు,” అంది రాగ్నా.

“ఆయన తల కూడా నున్నగానే ఉంటుంది. అదీ తడిమి చూశావా?”

“ఆయన అచ్చుతో అల్లితే గుండె దానంతటదే మూసుకుంటోంది.”

“నాదీ మూసుకునేదిగా.”

“ఇన్నేళ్ళూ వెనకవైపు జిగురు పెట్టి మూసింది నేను.”

ఫ్రోడె పళ్ళు నూరాడు.

“అలా నూరకు. మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికే పోవాల్సొస్తుంది,” అంది రాగ్నా.

ఆ దెబ్బతో అతనికి ఒక ఉపాయం తట్టింది. డాక్టరు అచ్చుని అచ్చుగుద్దినట్టు ఇంకోటి కోసి, చీలికలు మాత్రం చిక్కుడుగింజంత తగ్గించి, అసలుదాని స్థానంలో పెట్టేయాలి. ఆదివారం నాడు వీధిలో ఒక్క గుండె కూడా మూసుకోకూడదు. వెంట్రుకవాసి పరువు గంగలో కలవాలి, గంగ దూరమైతే మా రేవులోనైనా సరే.

చిక్కేమిటంటే, దొంగ అచ్చయినా చూడ్డానికి అసలులాగే ఉండాలి. వంటింటి కత్తెరతో అయ్యే పని కాదు. ఫ్రోడె సన్న బ్లేడు కొన్నాడు, ఉక్కు స్కేలు కొన్నాడు, పడవల షెడ్డులో తలుపేసుకున్నాడు. బ్లేడు నొక్కితే అంచు నలుగుతుందనీ, తేలిగ్గా పదేపదే లాగాలనీ, వంపు దగ్గర కత్తిని కాకుండా అట్టని తిప్పాలనీ వేళ్ళకి ప్లాస్టర్లు వేసుకుంటూ నేర్చుకున్నాడు. అందరికీ నచ్చేలా కోయడానికి ఏనాడూ పడని కష్టం, ఒక మనిషి పేరు చెడగొట్టడానికి పడ్డాడు.

రాగ్నా చూడకుండా అచ్చులు మార్చేశాడు. ఆదివారం వచ్చింది. హాలంతా దాల్చినచెక్క వాసన. అందరం గీశాం, చీల్చాం, అల్లాం. చివరి పట్టీ దగ్గరికి వచ్చేసరికి అందరి గుండెలూ ఆగిపోయాయి. లాగితే ముడుచుకుంటున్నాయి. నాదైతే నిలువునా చిరిగింది.

ఫ్రోడె మొహంలో పండగ ముందే వచ్చేసింది. “అయ్యో పాపం, ఎంతటి డాక్టరుగారికైనా పొరపాటు తప్పదు మరి,” అన్నాడు, మాటల్లో తేనె కారుస్తూ.

ఎస్కిల్ ఎర్రగా కందిపోయి అచ్చు కోసం చెయ్యి చాచాడు. రాగ్నా అడ్డుపడి తనే తీసుకుంది.

“చీలికలు పొట్టిగా ఉన్నాయి. అది ఎవరికైనా జరుగుతుంది,” అంది నిదానంగా. “నాకు నచ్చనిది ఈ వంపు. ఎలుక కొరికినట్టుంది. డాక్టరుగారూ, ఇంత మొరటు చెయ్యి మీదేనా?”

ఎస్కిల్ వంగి చూశాడు. ఆమె మొహం కూడా ఓసారి చూశాడు. “నాది కాదు,” అన్నాడు. “ఇదెవరో చేతకానివాడి పని.”

ఫ్రోడె కాఫీ కప్పు కింద పెట్టాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ పెట్టాడు.

“కత్తి పట్టుకోవడమే రానివాడు,” అని రాగ్నా మంటలో ఇంకొంచెం నూనె పోసింది.

“ఎవరికి రాదు?” ఫ్రోడె లేచి నిలబడ్డాడు. “ఆ వంపు కోసం ఎన్ని అట్టలు తగలేశానో తెలుసా? నొక్కకుండా లాగి, అట్టని తిప్పి తిప్పి, వేళ్ళు తెగి. ఎలుక కొరికినట్టుందట. కళ్ళజోడు పెట్టుకుని చూడండి ఇద్దరూ.”

అంతే. హాల్లో కత్తెరలన్నీ ఆగిపోయాయి.

రాగ్నా సంచీలోంచి అసలు అచ్చు తీసి బల్లమీద పెట్టింది. “షెడ్డులో రంగుడబ్బా వెనక దొరికింది. ఇక దీంతో గీసుకోండి,” అని అందరికీ కొత్త కాగితాలు పంచింది. ఫ్రోడె తన ప్లాస్టర్ల చేతుల్ని జేబుల్లో దాచుకున్నాడు. ఆ అచ్చు అతనికి అచ్చిరాలేదు.

ఇంటికి నడుస్తున్నప్పుడు నేనూ వాళ్ళతోనే ఉన్నాను.

“నిజంగా ఎలుక కొరికినట్టే ఉందా?” అన్నాడు ఫ్రోడె.

“లేదు. ఆయన కోసినదాని కన్నా బావుంది. హాల్లోంచి వచ్చేటప్పుడు ఆయనా అదే అన్నాడు.”

ఫ్రోడె ఛాతీ కోటు గుండీలను పరీక్షించింది. “నిజంగానా? ఇంకేమన్నాడు?”

“నీ దగ్గర వంపు నేర్చుకుంటాడట. సరేనన్నాను. రేపట్నుంచి రోజూ సాయంత్రం మనింటికే వస్తాడు, భోజనం కూడా మనతోనే.”