లిదియమ్మ ఇసుక ఫ్రిజ్

కరెంటు కోతను తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలి. వాళ్లు ఎండాకాలంలో మా ఉదయగిరి వైపు వచ్చి ఉండరు! కోత అనేది కష్టం కాదండీ, వరం. సాయంత్రం సీరియల్ అందక, కొత్త ఎత్తులు నేర్చుకోలేక, మా ఊళ్లో అత్తాకోడళ్లు ఎంత సఖ్యంగా ఉన్నారో తెలుసా?

మా లిదియమ్మనే తీసుకోండి. ఆమె భర్త కొండలయ్యకు షుగరు. పూటపూటా ఇన్సులిన్ వేసుకోవాలి, ఆ మందు చల్లగా ఉండాలి. ఇంట్లో రెండు తలుపుల ఫ్రిజ్ ఉంది. కోతల పుణ్యాన అందులో ఇప్పుడు చీరలు పెట్టుకుంటోంది. బీరువా కొనే ఖర్చు మిగిలిందా లేదా?

మరి మందు? వింజమూరులో కొన్న బానలో చిన్న కుండ పెట్టి, చుట్టూ సందులో ఇసుక పోసి తడిపింది. పైన తడి గోనెపట్ట కప్పింది. వడగాలి కొట్టేకొద్దీ లోపల చల్లబడుతుంది. అందులో పెరుగు, మజ్జిగ, నిన్నటి చేపల పులుసు, వాటి మధ్య ఇన్సులిన్ సీసా. వడగాలికి బిల్లు కూడా రాదు!

పోయిన నెల కోతల మీద ఫిర్యాదులు వినడానికి ఒక అధికారి వచ్చాడు. ఎండకు ఆయన మొహం వాడిపోయి ఉంటే లిదియమ్మ మనసు ఊరుకోలేదు. కుండలోని మజ్జిగ తీసి ఇచ్చింది. ఆమె చేసిన తప్పల్లా అదే.

ఆయన రెండు గ్లాసులు తాగి, "కరెంటు లేకుండానే ఇంత చల్లగా ఉందా అమ్మా?" అన్నాడు.

"ఉండాది సార్. పొద్దునా మాపునా ఇన్ని నీళ్లు పోస్తే చాలు," అంది మురిసిపోతూ.

ఆయన కుండతో సెల్ఫీ దిగి వెళ్లాడు. వారం తిరగకముందే నాలుగు గంటల కోత ఎనిమిదయింది. ఈ గ్రామానికి కరెంటుతో అంత పని లేదని ఫైల్లో రాశాడట. ఇంతటి గౌరవం ఇంకే ఊరికి దక్కింది?

"ఆయనకు వేణ్నీళ్లు ఇచ్చుంటే సరిపోయేది గదా పిన్నమ్మా," అన్నాడు పక్కింటి జోయల్.

ఒక చిన్న చిక్కు మాత్రం వచ్చిపడింది. ఇసుకకు నీళ్లు కావాలి. నీళ్లు కావాలంటే ట్యాంకు నిండాలి. ట్యాంకు నిండాలంటే మోటారు తిరగాలి. మోటారు దేనితో తిరుగుతుందో ఫైల్లో రాసినట్టు లేదు.

మొన్న మధ్యాహ్నం ఇంట్లో ఒక్క చెంబెడు నీళ్లు మిగిలాయి.

"నోరెండిపోతా ఉండాది లిదియా," అన్నాడు కొండలయ్య మంచం మీంచి.

ఆమె ఇసుక మీద చెయ్యి పెట్టి చూసింది. అదీ పొడిపొడిగా ఉంది. మందు చెడిపోతే మనిషి దక్కడు. అట్లాగని దాహమన్న మనిషికి నీళ్లు లేవని ఎట్లా చెప్పడం? ఆమెకు ఏడుపొచ్చింది. సగం ఆయన చేత తాగించి, సగం ఇసుక మీద పోసింది. రెండింటికీ చాలలేదు.

కోత వరమన్న మాట మీద నేను ఇప్పటికీ నిలబడే ఉన్నాను. ఆ చెంబు ఖాళీ అయిందో లేదో, కరెంటు ఆఫీసు నుంచి లిదియమ్మకు ఫోనొచ్చింది. మర్నాడు పై అధికారులు ఆ కుండను చూడటానికి వస్తున్నారట, బాగా తడిపి ఉంచమన్నారు.

"అట్నే రండి సార్," అంది లిదియమ్మ. "వచ్చేటప్పుడు రెండు బిందెల నీళ్లు తెచ్చుకోండి."