బొట్టుబిళ్లల తీర్మానం

"కర్నూలు, కడప జిల్లాల ప్రజల ఆరోగ్యాన్ని ఇకమీదట ప్రజలకు వదిలేసే ప్రసక్తే లేదు" అని ఆరోగ్య సేవల సంఘం అధ్యక్షులు డాక్టర్ ఓబుళేశుగారు కర్నూలులోని ఒక ఏసీ హాల్లో ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నాది కలెక్టరేట్ దగ్గర డీటీపీ సెంటర్. సంఘంవారి వినతిపత్రాలన్నీ టైపు చేసేది నేనే. ఏటా పాత ఫైలు తెరిచి తేదీ మార్చి ఇస్తాను. ఇంత స్థిరమైన ఆశయాలున్న సంఘాన్ని నేను ఇంకోటి చూడలేదు.

ఈసారి మాత్రం శాస్త్రీయంగా చేయాలనుకున్నారు. అసెంబ్లీ సమావేశాల ముందు ఎమ్మెల్యేగారికి ఇచ్చే డిమాండ్లు ఐదు దాటకూడదు. ఆరోదానికి వచ్చేసరికి ఆయనకు తప్పకుండా ఫోనొస్తుంది. అందుకని పది డిమాండ్లను పది చార్టుల మీద రాయించి గోడలకు అంటించారు. సభ్యులు పందొమ్మిది మంది, తలా మూడు స్టిక్కర్లు, నచ్చిన డిమాండుకు అంటించాలి. స్టిక్కర్లు దొరక్క కార్యదర్శి జావేద్‌గారు ఫ్యాన్సీ షాపులో ఎర్ర బొట్టుబిళ్లలు తెచ్చారు.

సభ్యుల్లో జ్ఞానమణి ఒక్కతే నర్సు. ఆత్మకూరు అవతల, అడవి పక్కనున్న చిన్న ఆసుపత్రిలో పని. ఆమె లేచి నిలబడింది.

"మా ఫ్రిజ్ చెడిపోయి నాలుగు నెల్లయింది సార్. పాముకాటు మందు చల్లగా ఉండాల. అందుకని దాన్ని ఆత్మకూరులో పెట్టినాం. పాములేమో మా ఊర్లోనే కరుస్తాండాయి."

"ఫ్రిజ్ అనేది వస్తువమ్మా. మనం ఈడ చట్టాల లెవెల్లో మాట్లాడుతాండాం" అన్నారు అధ్యక్షులు. అయినా ఆయన దయగలవారు. నా వైపు తిరిగి, "సమగ్ర గ్రామీణ శీతల ఆరోగ్య విధానం అని కొట్టప్పా" అన్నారు.

"దాంట్లో ఫ్రిజ్ ఉండాదా సార్?"

"విధానంలో అన్నీ ఉంటాయి. కూర్చోమ్మా."

పదకొండో చార్టుకు గోడ మీద చోటు లేదు. భోజనాల గది తలుపు పక్కన జానెడు ఖాళీ ఉంటే అక్కడ అంటించాను. ఒంటిగంటకు బిర్యానీ మూత తీశారు. ప్రజారోగ్యం గురించి అంతసేపు ఆలోచించినవాళ్లంతా ఒక్కసారిగా వరస కట్టారు. వేళ్ల మీద బొట్టుబిళ్లలు, చేతిలో ప్లేటు, కళ్లెదుట ఆ చార్టు. నలభై ఒక్క బిళ్లలు దానికే పడ్డాయి. ఆసుపత్రి యజమానులకు టోల్‌గేట్ మినహాయింపు ఇవ్వాలన్న అధ్యక్షులవారి డిమాండుకు నాలుగే పడ్డాయి. అది ఏసీ కింద ఉంది కాబట్టి మిగతావి ఊడిపోయి ఉంటాయని తేల్చారు.

వినతిపత్రం అందుకుని ఎమ్మెల్యేగారు మొదటి డిమాండు రెండుసార్లు చదివారు. "ఇంతకీ మీకేం కావాలప్పా?" అన్నారు.

"ఫ్రిజ్ సార్" అని జావేద్‌గారు నోరు జారారు.

"అంతేనా?"

పదకొండో రోజుకల్లా జ్ఞానమణి ఆసుపత్రికి ఫ్రిజ్ వచ్చింది. గులాబీ రంగు రిబ్బను కూడా కట్టి ఉంది. ప్రారంభించడానికి మంత్రిగారు రావాలి. ఆయన డేటు మూడుసార్లు మారింది. అంతవరకూ ఎవరూ తలుపు తెరవకూడదని అధ్యక్షులు ఆర్డరు పంపారు. దాన్ని పెద్ద అక్షరాల్లో టైపు చేసింది నేనే.

ప్రారంభోత్సవానికి నన్నూ కారులో తీసుకెళ్లారు. రిబ్బనుకు మధ్యలో చిన్న ముడి ఉంది. మంత్రిగారు సరిగ్గా దాని పక్కనే కత్తిరించి తలుపు తెరిచారు. లోపల మందు సీసాలు చల్లగా కూర్చుని ఉన్నాయి. ఒక పెట్టె ఖాళీ.

"ఇదేందమ్మా?" అన్నారు అధ్యక్షులు గొంతు తగ్గించి.

"నరసన్నకు ఏసినా సార్, పోయిన మంగళారం. గొర్లు మేపుతాంటే రక్తపింజరి కరిసినాది. ఆత్మకూరు దాకా నిలిచేటట్టు లేడు."

నరసన్న ముందు వరసలోనే ఉన్నాడు. కాలికి కట్టు కట్టుకుని, అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. సభామర్యాద కాదని తుడుచుకున్నాను.

మరుసటి వారమే అత్యవసర సమావేశం. ఈసారి చార్టు ఒకటే. అనుభవంతో దాన్ని నేరుగా భోజనాల గది తలుపు పక్కనే అంటించారు: "ప్రారంభోత్సవానికి ముందే పరికరాలు వాడే సిబ్బందిని శిక్షించేందుకు చట్టం తేవాలి."

"మంత్రిగారొచ్చేదాకా ఓర్చుకోమని నరసన్నకు చెప్పాల్సిండెనా సార్?" అని అడిగింది జ్ఞానమణి.

"అది విధానపరమైన ప్రశ్నమ్మా. శానా లోతుగా చూడాల" అన్నారు అధ్యక్షులు.

యాభై ఏడు బిళ్లలు పంచితే చార్టు మీద యాభై నాలుగు తేలాయి. మిగతా మూడు బిర్యానీలో పడి ఉంటాయని రాసుకుని, తీర్మానం ఏకగ్రీవమన్నారు. పైఅధికారులకు చెప్పి, విచారణ తేలేవరకూ ఫ్రిజ్‌కు కాగితం సీలు వేయించారు. మందు మళ్లీ ఆత్మకూరుకు పోయింది.

నెల తర్వాత జావేద్‌గారు విచారణకు వెళ్లొచ్చి నా షాపులో కూర్చుని నివేదిక చెప్పారు. నేను కొట్టాను: "ఫ్రిజ్ సీలు చెక్కుచెదరలేదు. అదనపు భద్రత కోసం తలుపు అంచు వెంబడి మూడు ఎర్రని గుండ్రటి ముద్రలు కూడా వేసి ఉన్నాయి."

"ఫ్రిజ్ ఆపేసి ఉండాదా సార్?" అని అడిగాను.

జావేద్‌గారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "గుర్రుమంటాండాదప్పా. అది రాయొద్దులే" అన్నారు.

నేను రాయలేదు. ప్రింటు తీసి సంతకానికి ఇచ్చాను.