పాచికి పారణ

ఆ ఏకాదశి పొద్దున శ్రీమన్నారాయణ పెట్టుకున్న పని ఒక్కటే. ఇల్లు కడిగించి, పస్తుండి, నామం చెప్పుకుంటూ కూర్చోవడం. అయితే కోడలు కుముదవల్లి, పరీక్షల పనిమీద చిత్తూరుకు బయల్దేరుతూ ఇంకో పని అప్పజెప్పింది.

పూజగది పక్క కిటికీలో రెండు గాజుసీసాలు. రెండింట్లోనూ చెరువు పాచి. వడమాలపేట అవతల ఒక చెరువులో ఏటా నీళ్ళమీద అది పచ్చగా పేరుకుంటుంది. ఒక ఏడు ఆ నీళ్ళు తాగి మేకలు చచ్చాయి. ఇంకో ఏడు ఏమీ కాలేదు. సీసాల్లో ఒకదాంట్లోది విషప్పాచి, ఇంకోదాంట్లోది మంచిది. కంటికి మాత్రం రెండూ ఒకటే. ఏది ఎందుకు పెరుగుతుందో కనుక్కోవడమే కుముదవల్లి పరిశోధన. సమ్మె జరిగి కాలేజీకి తాళాలు పడితే సీసాలను ఇంటికి తెచ్చుకుంది.

"వీటిని పస్తు పెట్టినాను మామా. వారం తిరిగేసరికి మా గైడుగారిని తీసుకొస్తాను. ఇవి చెడితే ఇన్నాళ్ళ పనీ గంగలో కలిసినట్టే."

"పోయిరా తల్లీ. చీమను గూడా రానీయను."

ఆయనకు కోడలంటే గొప్ప. వీధిలో ఎవరెదురైనా, మా కోడలు నీళ్ళకు నాడి పట్టి చూస్తుందని చెప్పుకునేవాడు.

ఆమె బస్సెక్కిందో లేదో, ఆయన చూపు సీసాలమీది చీటీల మీద పడింది. తొందరలో కోడలు వాటిని అన్నం మెతుకులతో అతికించింది. పూజగది పక్కన, అదీ ఏకాదశినాడు, అంటు. ఆయన సీసాలు దించి, మూతలు తీయకుండా పైనంతా చింతపండుతో తళతళా తోమి, మళ్ళీ కిటికీలో పెట్టాడు. పెట్టాక తెలిసింది, ఏది విషమో చెప్పే చీటీలు కాలవలో పోయాయని.

మర్నాడు చెంగల్రాయుడు పస్తు విడిచే పారణకు అవిసాకు తెచ్చాడు. ఆ చెరువుకు ఎగువన సేద్యం చేసే రైతు. చచ్చిన మేకలు అతనివే.

"ఏం సామీ, మొగం అట్లుండాది?"

"సూడప్పా, పాచి ఎట్ల పాలిపోయిందో. వీటికీ నిన్న పస్తే. ద్వాదశి పొద్దున పారణ చేయించకపోతే మనకే గదా పాపం."

"కోడలమ్మ చేయించమనిందా?"

"పస్తు పెట్టినానంది. విడిపించొద్దని అనలేదే. పైరుకు నువ్వేం పెడతావు?"

"యూరియా. గోతం బండిలోనే ఉండాది."

శ్రీమన్నారాయణ సీసాకు చిటికెడు చొప్పున వేసి, గోవిందా అనుకున్నాడు.

రెండూ పచ్చబడ్డాయి. ఆయన పొంగిపోయాడు. తర్వాత ఒక సీసా ఆగలేదు. మీగడలా కట్టి, మూత తోసుకుని పైకొచ్చింది. అది పెళ్ళిభోజనం చేసినట్టుంది. రెండోది ప్రసాదం తిని లేచినట్టుంది.

కోడలొచ్చే రోజు ఆయన నిండినదాంట్లోంచి కాస్త తీసి రెండోదాంట్లో వేసి సమం చేద్దామని గరిటెతో వంగాడు. గుమ్మంలో కుముదవల్లి, ఆమె గైడు ముకుందం.

"మామా, ఆ గరిటె కింద పెట్టండి," అంది మెల్లగా.

ఆయన జరిగిందంతా చెప్పేశాడు. ముకుందం తల పట్టుకున్నాడు. "చీటీ లేదు, పస్తూ లేదు. ఏది ఏదో ఎట్లా తెలుస్తుందమ్మా? మళ్ళీ మొదట్నించీ రావాల్సిందే."

కుముదవల్లి సీసాలను వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది.

"తెలుస్తుంది సార్. పస్తులో విషప్పాచే ముందు వాడిపోతా వచ్చింది. విషం చేసుకోవాలంటే దానికి తిండి ఎక్కువ కావాల. మంచిది ఉన్నదాంతో సర్దుకునింది. తిండి పడేసరికి ఎగబడిన ఇదే విషం. తిండి పెట్టి చూడాలని నాకే తోచలేదు."

ముకుందం కాలేజీ తాళాలు తీయించి ఎలుకలమీద పరీక్ష చేయించాడు. నిండిన సీసా నీళ్ళు తాగించిన ఎలుక మళ్ళీ లేవలేదు. రెండోది పంజరంలో తిరుగుతూనే ఉంది.

సంగతి విని చెంగల్రాయుడు అరుగుమీద కూలబడ్డాడు. "వానకు నా మడిలోని యూరియా ఆ చెరువులోకే గదా పోతాది. అయితే నా మేకల్ని నేనే సంపుకున్నానా అప్పా?"

ముకుందం శ్రీమన్నారాయణకు నమస్కారం పెట్టాడు. "మీ చేతి చలవ. ఎంత వేసినారు?"

"చిటికెడు."

"చిటికెడంటే?"

కాలేజీ నుంచి త్రాసు తెప్పించారు. సాయంత్రం దాకా ఆయన చేత చిటికెలు వేయించి తూచారు. ఏ రెండూ ఒకటి కాలేదు.

కుముదవల్లి తూచిన యూరియాతో అంతా మళ్ళీ చేసింది. అప్పుడూ ఆమె చెప్పినట్టే జరిగింది. డాక్టరేటు వచ్చింది. పెద్దాయనకు మాత్రం ఆ ఇంట్లో చారులో ఉప్పు వేసే అధికారం పోయింది.