తేనెలమ్మ భుజమ్మీద చిలుక

ఒక పెద్ద అడవిలో, వాగు దాటాక వచ్చే గుహలో, తేనెలమ్మ అనే ఎలుగుబంటి కాపురం ఉండేది. పెనిమిటి భల్లయ్యకు పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. మాట కూడా పోయి, ఏమడిగినా "ఊఁ" ఒక్కటే మిగిలింది.

ఆయన్ని లేపడం, పక్కకు తిప్పడం, తినిపించడం అన్నీ ఆవిడే. దేవుణ్ణి వరాలేమీ అడగలేదు, ఒక్క పూట నిద్ర అడిగింది. నడుము అప్పటికే వంగనంటోంది. అదీ పడిపోతే ఇద్దర్నీ లేపే దిక్కుండదు.

ఆ మొర దేవుడికన్నా ముందు అటవీ ఆరోగ్య మండలికి వినబడింది. అధ్యక్షుడు నక్క జిత్తయ్య, రోగిని చూసుకునేవాళ్ల కష్టాల మీద పెద్ద చర్చ పెట్టించాడు. ఆవిణ్ణీ పిలుద్దామని మండలిలోని తాబేలు అంటే, పాపం తీరిక లేని మనిషి, ఇబ్బంది పెట్టడమెందుకన్నాడు. చివరికి ఒక చిలుకకు తర్ఫీదిచ్చి, మెడలో పూసలు కట్టి, "సేవాసఖి" అని పేరు పెట్టి ఆవిడ భుజమ్మీద కూర్చోబెట్టారు. చిలుక మాటే మండలి మాటని తీర్మానం కూడా చేశారు.

ఇక చూడండి. మందు వేళయిందని చిలుక అరిచేది, ఆవిడకు తెలియనట్టు. దానికి జామపళ్లు ఆవిడే తేవాలి. కాస్త కన్ను మూతపడిందో, చెవిలో అరిచేది: "అమ్మా, విశ్రాంతి తీసుకోండి." ఆవిడ ఉలిక్కిపడి లేచేది. అమ్మగారు హాయిగా ఉన్నారా అని భల్లయ్యను అడిగితే ఆయన "ఊఁ" అనేవాడు. చిలుక వెళ్లి మండలికి అదే చేరవేసేది.

మండలి మురిసిపోయి, శాలువా పట్టుకుని గుహకే వచ్చింది. వచ్చినవాళ్లందరికీ తేనె పెట్టిందీ తేనెలమ్మే.

"రెండు ముక్కలు మాట్లాడమ్మా," అన్నాడు జిత్తయ్య.

"ఏముంది బాబూ, ఎవరైనా ఈ పూటకి ఆయన్ని చూసుకుంటే నేను పడుకుంటాను."

"మంచి సూచన. వచ్చే చిలుకకు నేర్పిద్దాం."

తేనెలమ్మ రామా అనుకుని పెనిమిటి వైపు తిరిగింది. "ఏవండీ, ఈ పూట అధ్యక్షులవారే మిమ్మల్ని లేపుతారు. సమ్మతమేనా?"

"ఊఁ."

"ఆమోదించడమైనది," అంది చిలుక.

తీర్మానం తీర్మానమే. తాబేలు తల డిప్పలోకి లాక్కుంది. తేనెలమ్మ శాలువా మడిచి తలకింద పెట్టుకుని, అక్కడే ఒరిగింది. జిత్తయ్య భల్లయ్య చంక కింద దూరి, లేపబోయి, ఆయన బరువుకి చాపలా పరుచుకుపోయాడు. కింద మెత్తగా ఉందేమో, భల్లయ్య కదల్లేదు.

గురక వినబడగానే చిలుక ఎగిరొచ్చి ఆవిడ చెవి దగ్గర నోరు తెరిచింది. భల్లయ్య బాగున్న ఎడమచెయ్యి చాచి, దాని ముక్కు నెమ్మదిగా మూసి పట్టుకున్నాడు.

నీతి: ఎవరికైనా సాయం చేయాలనుకుంటే, ఏం కావాలని మాత్రం అడక్కండి, అడిగితే అదే చేయాల్సి వస్తుంది.