ఫైర్‌వాల్‌కు అగ్నిమాపక ధ్రువపత్రం

మనిషి నిప్పును కనిపెట్టాడు, చక్రాన్ని కనిపెట్టాడు, ఆ తరువాత చాలాకాలం ఆలోచించి, ఉన్నదో లేదో ఎవరూ తేల్చి చెప్పలేని నెట్ కనెక్షన్‌ను కనిపెట్టాడు. ఈ మూడో ఆవిష్కరణ జనన మరణాల నమోదు కార్యాలయంలో, మెట్ల కింది గదిలో, ఫైర్‌వాల్ రౌటర్ అనే నల్లపెట్టెలో కొలువై ఉండేది. బయటి దొంగలను లోపలికి రానివ్వకపోవడం దాని పని. ఆ పనిని అది ఎంత శ్రద్ధగా చేసేదంటే, లోపలివాళ్లను కూడా బయటికి పోనిచ్చేది కాదు.

ఆ పెట్టె బాగోగులు చూసేది నెట్టక్క. (ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. జీతం పడే రోజు మాత్రమే దానికి పని ఉంటుంది.)

ఆ వారం పెట్టెకు తిక్క మరీ ముదిరింది. వెనక ఉన్న నెట్‌వర్క్ కార్డు మీది పచ్చలైటు వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. "నెట్టక్కా, పోయింది!" అని కౌంటర్ నుంచి కేక. ఆమె లేచేలోగా "వచ్చింది!" కూర్చునేలోగా "పోయింది!"

కౌంటర్ ముందు ఒక దర్జీ, ఆయన భార్య, ఇద్దరి చేతుల్లో చెరో కవల పాప. పెద్దపాప వివరాలు చక్కగా ఎక్కాయి. చిన్నపాపవి ఎక్కుతుండగా లైటు ఆరింది. వెలిగాక చూస్తే పెద్దపాపే మళ్లీ నమోదై ఉంది. ఇంకోసారి ప్రయత్నించారు, ఇంకోసారీ అదే వరస. సాయంత్రానికి ప్రభుత్వ లెక్కలో పెద్దపాప నాలుగుసార్లు పుట్టింది. చిన్నపాప ఇంకా పుట్టవలసే ఉంది.

"పెద్దదానికి తొందరెక్కువ మేడమ్, ఇంట్లో పాలకి కూడా అదే ముందు," అని దర్జీ నవ్వబోయి నవ్వలేకపోయాడు. "చిన్నదానికి పెదవి చీలుంది. ఎల్లుండి ఆపరేషన్. సర్టిఫికెట్ లేందే చేర్చుకోరంట."

నెట్టక్క పాప వైపు చూసింది. పుట్టని పాప తీరుబడిగా ఆవలించింది. నెట్టక్క మెట్ల కింది గదికి పరుగెత్తింది.

తీగ మార్చింది. లైటు ఆరింది. తీగ రెండో కొసను, కంప్యూటర్లన్నిటికీ నెట్ పంచే అవతలి స్విచ్‌లో వేరేచోట గుచ్చింది. లైటు వెలిగి, ఆశపెట్టి, ఆరింది. కార్డుకూ స్విచ్‌కూ వేగం కుదరడం లేదేమో, తోడికోడళ్లలా ఒకరు గొంతెత్తితే ఇంకొకరు మూతి ముడుస్తున్నారేమో అనుకుని, ఇద్దరికీ ఒకే వేగం ఖాయం చేసింది. ఆ రాజీ ఒక టీ తాగేంతసేపు నిలిచింది. ఇక అనుమానం లేదు, కార్డే చెడింది. కొత్త కార్డు బీరువాలో సిద్ధంగా ఉంది. కానీ పెట్టె మూతకు సీలు వేసి ఉంది: "అనుమతి లేనిదే విప్పరాదు."

అనుమతి కావాలంటే ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదు నెట్‌లోనే చేయాలి. లైటు వెలిగిన అదను చూసి చేసింది. వెంటనే జవాబొచ్చింది: "మీ ఫిర్యాదు నెట్ ద్వారా అందినది. కనుక మీకు నెట్ ఉన్నది. సమస్య పరిష్కరించబడినది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?"

ఆమె ఫిర్యాదుల విభాగానికి ఫోన్ చేసింది.

"నెట్ పోతోందండీ బాబూ!"

"ఇప్పుడుందామ్మా?"

"ఇప్పుడుంది."

"మరింకేం?"

"ఇదిగో, పోయింది!"

"అయితే ఫిర్యాదు పెట్టండి."

"నెట్ లేకుండా ఎలా పెట్టను?"

"వచ్చాకే పెట్టండమ్మా, తొందరేముంది?"

కార్యాలయానికి అధిపతి అయిన పెద్దసారు నియమాల పుస్తకం తిరగేసి, ఫైర్‌వాల్‌లో ఫైర్ ఉంది కనుక మూత తీసే ముందు అగ్నిమాపక శాఖ ధ్రువపత్రం అవసరమని తేల్చాడు.

"వాల్ కూడా ఉంది కదండీ, తాపీమేస్త్రీని కూడా పిలుద్దామా?" అంది నెట్టక్క ఒళ్లుమండి.

పెద్దసారు పుస్తకంలో ఇంకో పేజీ తిప్పాడు. "మంచి మాట," అని మేస్త్రీకి కూడా కబురు పెట్టించాడు.

మర్నాడు గంట మోగించుకుంటూ ఫైరింజన్ వచ్చింది. హెల్మెట్ పెట్టుకున్న ఫైర్‌మన్ పెట్టె మీద చెయ్యి వేసి, "వెచ్చగా ఉంది గానీ మంటైతే లేదు," అన్నాడు. మేస్త్రీ దారానికి కట్టిన తూకం గుండు వేలాడదీసి, ఒక కన్ను మూసి చూసి, "గోడ నిటారుగానే ఉందండీ. ఎవరు కట్టారో గానీ మంచి పనివాడు," అన్నాడు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. పొద్దున్నే వచ్చి నిలబడ్డ దర్జీతో సహా క్యూలో వాళ్లు చప్పట్లు కొట్టారు. ఇక ఆ పత్రాన్ని నెట్‌లోకి ఎక్కించడమే తరువాయి. ఎక్కిస్తుండగా లైటు ఆరింది.

నెట్టక్క పెద్దసారు వైపు చూసింది. పెద్దసారు కిటికీ వైపు చూశాడు.

"అన్నయ్యా, మీ గొడ్డలి ఒకసారి ఇస్తారా?" అంది ఫైర్‌మన్‌తో.

"మంట లేందే ఇవ్వకూడదమ్మా."

"నా కడుపులో ఉందండీ మంట."

"కడుపుమంట మా శాఖ కిందికి రాదమ్మా," అంటూనే అతను గొడ్డలి అందించాడు.

గొడ్డలి అంచుతో ఆమె సీలును ఉల్లిపొర ఒలిచినట్టు ఒలిచింది. మేస్త్రీ సెల్‌ఫోన్ లైటు పట్టాడు. పాత కార్డు బయటికొచ్చింది, కొత్తది లోపల కూర్చుంది. పచ్చలైటు వెలిగింది. మేస్త్రీ పది దాకా లెక్కపెట్టాడు. లైటు వెలుగుతూనే ఉంది. పైన కౌంటర్‌లో చిన్నపాప వివరాలు ఎక్కాయి, ప్రింటర్ గురగురమంది.

"ఆడపిల్ల!" అని అరిచాడు మేస్త్రీ, పరుగున మెట్లెక్కి చూసి. క్యూ అంతా ఈలలు వేసింది. ముక్కూమొహం తెలియనివాళ్లు దర్జీని కౌగిలించుకున్నారు. ఫైర్‌మన్ ఆనందం పట్టలేక గంట మోగించాడు. వేడి వేడి కాగితాన్ని దర్జీ భార్య పాప బుగ్గకు ఆనించింది. (పెద్దపాప అదనంగా ఎత్తిన మూడు జన్మలను రద్దు చేయించుకోవాలంటే మరణాల కౌంటర్‌కు వెళ్లాలి. ఆ సంగతి చెప్పడానికి ఆ రోజు ఎవరికీ నోరు రాలేదు.)

ఆపరేషన్ బాగా జరిగింది. దర్జీ కుట్లను దగ్గరగా పరిశీలించి, తనకన్నా నున్నగా వేశారని ఒప్పుకున్నాడు.

ఆ తరువాత లైటు ఆరలేదు. క్యూలు కరిగిపోయాయి. నెట్టక్క మొదటిసారి మధ్యాహ్నం భోజనం కూర్చుని తిన్నది. కొన్నాళ్లకు పైకార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. నిత్యం ఫిర్యాదులు పంపే ఈ కార్యాలయం నుంచి ఇటీవల ఒక్కటీ రావడం లేదనీ, ఫిర్యాదు చేయడానికి నెట్ తప్పనిసరి కనుక అక్కడ నెట్ పూర్తిగా చచ్చిపోయినట్టు నిర్ధారణ అయిందనీ, అందువల్ల కార్యాలయాన్ని శాశ్వతంగా మూసివేయడమైనదనీ అందులో ఉంది.

ఆ ఉత్తర్వు చాలా పెద్ద ఫైలు. రెప్పపాటులో డౌన్‌లోడ్ అయింది.