ఏడో గుంట గుమస్తా

ఒక దేశం నాగరికమైందో కాదో తేల్చడానికి గుర్తు ఒక్కటే: అక్కడ ఎవరైనా ఒక బంతిని గుంటలో వేయాలనుకుంటే, ముందు ఇంకెవరో ఒకరు సంతకం పెట్టాలి. ఆ లెక్కన మనం ఎవరికీ తీసిపోము. బంతి నిజంది కాకపోయినా, గుంట నిజంది కాకపోయినా, సంతకం మాత్రం నిజందే కావాలని పట్టుబట్టినవాళ్లం.

ఈ సంగతి నాకు మా చెల్లెలి వల్ల తెలిసింది. పగలంతా కళ్లద్దాల దుకాణంలో జనం చేత అక్షరాలు చదివించి, సాయంత్రాలు ఇంట్లో కూర్చుని, నాలుగేళ్లపాటు అది ఒక వీడియో గేమ్ తయారుచేసింది. వెనకాల పెద్ద కంపెనీ ఏమీ లేదు. ప్రోగ్రామూ, కథా, సంగీతమూ తనవి. బొమ్మలు మా బావవి. (మా బావ మాట్లాడడు, గీస్తాడు.) అది గోల్ఫ్ ఆట. అయితే కర్రతో బంతిని కొట్టి ఊరుకునే రకం కాదు. ఇందులో మనం మైదానంలో బంతులు ఏరుకునే ఒక అమ్మాయిగా మొదలవుతాం. తొమ్మిది గుంటలు దాటుకుంటూ, దారిలో కనిపించినవాళ్లతో మాట్లాడుతూ, అనుభవం కూడగట్టుకుంటూ చివరికి ఛాంపియన్ అవుతాం. ఆ అనుభవాన్ని మూడు గుణాలు పెంచుకోవడానికి వాడుకోవచ్చు: మణికట్టు, ఓపిక, నోరు. బతకడానికి పనికొచ్చేవి కూడా ఈ మూడే కాబట్టి ఆటలో అతిశయోక్తి ఎక్కడా లేదు.

శనివారం కొత్త ఆటల ప్రదర్శన. అందులో చెల్లెలికి ఒక బల్ల ఇచ్చారు. కాకపోతే శుక్రవారం సాయంత్రంలోగా వినోద వర్గీకరణ కార్యాలయం వారి ధ్రువపత్రం చూపించాలి. చూపించకపోతే బల్ల వేరేవాళ్లకు వెళ్లిపోతుంది, మళ్లీ ప్రదర్శన రెండేళ్లకు. చెల్లెలు ఆ బల్ల మీద పరిచే గుడ్డ కూడా కుట్టి పెట్టుకుంది. ఆ గుడ్డను చూసినప్పుడల్లా నాకు భయమేసేది.

దరఖాస్తులో 'క్రీడ', 'కథ' అని రెండు గడులున్నాయి. చెల్లెలు రెండింట్లోనూ టిక్కు పెట్టింది. 'అత్యుత్సాహం' అనే రిమార్కుతో దరఖాస్తు తిరిగొచ్చింది. క్రీడకు మాత్రమే పెడితే, మైదానం ఎన్ని ఎకరాలో, గడ్డికి నీళ్లు ఎవరు పెడతారో రాయమన్నారు. కథకు మాత్రమే పెడితే, కథలో బంతి మనస్తత్వం వివరించమన్నారు. (న్యాయమైన ప్రశ్నే. చెల్లెలు రెండు పేజీలు రాసింది.) చివరికి ఏ గడీ ముట్టుకోకుండా ఇస్తే, అందులో తప్పేమీ కనిపించలేదు కాబట్టి తీసుకున్నారు.

అలా ఆట పూర్ణ పరిశీలనాధికారి గారి కంప్యూటరుకు చేరింది. ఇరవై రెండో నిబంధన ప్రకారం, ఆటను మొదటి నుంచి చివరిదాకా తానే స్వయంగా ఆడిన అధికారి తప్ప ఇంకొకరు సంతకం పెట్టడానికి వీల్లేదు. (వెనకటికి ఒక అధికారి చూడకుండానే 'కుటుంబ సమేతంగా ఆడదగినది' అని రాసిచ్చారట. తీరా చూస్తే అది కాలిక్యులేటరు.) ఇరవై మూడో నిబంధన ప్రకారం దరఖాస్తుదారు గానీ, వారి తోబుట్టువులు, స్నేహితులు, ఇరుగుపొరుగు గానీ మాటతో, సైగతో, దగ్గుతో అధికారికి సాయం చేయకూడదు. చెల్లెలికి ఆ వారం జలుబు.

మంగళవారం అది మూతికి చున్నీ అడ్డం పెట్టుకుని వెళ్లి అడిగింది.

"ఎంతవరకు వచ్చారు సర్?"

"చాలా దూరం వచ్చానమ్మా. ఏడో గుంట. క్యూలో ఉన్నాను."

చెల్లెలు తెల్లబోయింది. ఆటలో అది క్యూ అన్నదే పెట్టలేదు.

"క్యూలో ఎవరున్నారు సర్?"

"నేనొక్కణ్నే. మొదటి నంబరు నాదే," అన్నారాయన తృప్తిగా.

జరిగింది ఇది. ఏడో గుంట దగ్గర ఒక గేటుంటుంది. గేటు బార్లా తెరిచే ఉంటుంది. పక్కన కుర్చీలో ఒక గుమస్తా కూర్చుని, ఎవరొచ్చినా "కాస్త ఆగండి" అంటాడు. అతనికి వచ్చిన మాట అదొక్కటే. చెల్లెలు సరదాకి పెట్టింది. ఆడేవాళ్లు నవ్వుకుని, బంతిని గేటులోంచి కొట్టి వెళ్లిపోతారని దాని ఉద్దేశం. పక్కింటి పిల్లలు ఆ మాట చదవనైనా చదవలేదు, కొట్టేశారు. పరిశీలనాధికారి గారు మాత్రం చదివారు. ముప్పై ఏళ్ల సర్వీసున్న మనిషి, ఆగమంటే ఆగారు. ఎనిమిది రోజులుగా ఆగే ఉన్నారు.

ఆగినందుకు ఆటలో నిమిషానికో పాయింటు ఓపిక పెరుగుతుంది. ఆయన ఓపిక నిండి, అంకె గడిలోంచి బయటికి వచ్చి, స్క్రీను అంచు దాకా పాకింది. మణికట్టు మాత్రం మొదటి రోజు ఎంతో అంతే.

"మీ గుమస్తా చాలా పద్ధతైనవాడమ్మా," అన్నారాయన. "ఒక్కసారి విసుక్కోలేదు. రేపు రమ్మనలేదు. మా సెక్షన్లో అందరికీ చూపించాను."

సెక్షన్లో నిజంగానే అందరూ చూశారు. కొందరు ఆయన భోజనానికి వెళ్లినప్పుడు ఆయన స్థానం పోకుండా కంప్యూటరు ముందు కూర్చునేవారు కూడా. గేటు తెరిచి ఉందన్న విషయం పదిహేను మంది ఉద్యోగుల్లో ఒక్కరికీ పట్టలేదు. పట్టినా అది గేటు శాఖకు సంబంధించిన విషయం.

చెల్లెలు ఇంటికొచ్చి మంచం మీద బోర్లా పడుకుంది.

"అన్నయ్యా, నాలుగేళ్లు కష్టపడి నా గొయ్యి నేనే తవ్వుకున్నాను."

"ఆ గుమస్తాను తీసెయ్యవే."

"తీసేస్తే మార్పు చేసినట్టు. కొత్త దరఖాస్తు పెట్టాలి."

నాకు దాని మీద జాలీ, ఆ గుమస్తా మీద కోపమూ ఒకేసారి వచ్చాయి. కోపం ఉత్త బొమ్మ మీద కాబట్టి చేయగలిగిందేమీ లేకపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం ముగ్గురం వెళ్లాం. చెల్లెలు ఆశతో వచ్చింది, నేను తోడు వచ్చాను, అమ్మ ఇంట్లో ఫ్యాను చెడిపోయినందుకు వచ్చింది. పరిశీలనాధికారి గారు కుర్చీలో నిటారుగా కూర్చుని స్క్రీను వైపు చూస్తున్నారు. స్క్రీను మీద బంతుల అమ్మాయి కర్ర పట్టుకుని నిలబడి ఉంది. గోడ గడియారంలో రెండున్నర. చెల్లెలు పెదవి కొరుక్కుంటూ నిలబడింది. నేను దగ్గకుండా ఊపిరి బిగబట్టాను.

అమ్మ ఫ్యాను కిందికి కుర్చీ లాక్కుని, కాసేపు ఆ స్క్రీను చూసి అంది:

"ఎందుకు బాబూ అలా నిలబెట్టావు ఆ పిల్లని? కొట్టు."

చెల్లెలు కళ్లు మూసుకుంది. దరఖాస్తు ఇక గంగలో కలిసినట్టే అనుకున్నాను.

"అనుమతి రాలేదండీ," అన్నారాయన మర్యాదగా.

"ఎవరివ్వాలి?"

"ఆ గుమస్తాగారు."

"వాడెవడు? వాణ్ని చేసింది మా అమ్మాయి. మా అమ్మాయిని కన్నది నేను. నేను చెప్తున్నాను, కొట్టు నాయనా."

ఆయన నిబంధనల పుస్తకం తీశారు. ఇరవై మూడో నిబంధన వేలితో చదివారు. తోబుట్టువులున్నారు, స్నేహితులున్నారు, ఇరుగుపొరుగు ఉన్నారు. తల్లి లేదు. (రాసినవాళ్లు అంతదాకా వెళ్లడానికి సాహసించి ఉండరు.) ఆ తర్వాత ఆయన ఒక కాగితం మీద కింద గుమస్తా, పైన మా చెల్లెలు, ఆ పైన మా అమ్మ అని రాసుకుని, మెట్లు లెక్కపెట్టి, కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఫైల్లో 'రెండు స్థాయిల పైనుంచి మౌఖిక ఆదేశం అందినది' అని రాసి, టైము వేసి, బంతిని కొట్టారు.

మణికట్టు లేని దెబ్బ. బంతి దొర్లుకుంటూ దొర్లుకుంటూ గేటు దాటింది. గుమస్తా "కాస్త ఆగండి" అన్నాడు. బంతి ఆగలేదు.

ఎనిమిదో గుంటలో గాలి వీస్తుంది, అది తగ్గేదాకా కాచుకోవాలి. ఇంతవరకు అందరూ కాచుకోలేక విసుగెత్తి కొట్టి, బంతిని చెరువులో పోగొట్టుకున్నవాళ్లే. ఈయన చేతులు కట్టుకుని నలభై నిమిషాలు కాచుకున్నారు. గాలే అలిసిపోయింది. నాలుగూ యాభైకి తొమ్మిదో గుంట కూడా అయిపోయి, స్క్రీను మీద పూలు రాలాయి. ఆయన కళ్లు తుడుచుకున్నారు.

"మొదలుపెట్టిన పని ముగించడం నా సర్వీసులో ఇదే మొదటిసారమ్మా," అన్నారు.

చెల్లెలు చున్నీ తీసేసి, వారమంతా ఆపుకున్న దగ్గంతా ఒకేసారి దగ్గింది. ధ్రువపత్రంలో క్రీడ, కథ గడుల పక్కన ఆయనే పెన్నుతో మూడో గడి గీసి 'ఇతరములు' అని టిక్కు పెట్టారు. అడుగున చిన్న అక్షరాలతో ఒక షరతు రాశారు: 'ఏడో గుంట వద్ద తల్లిగారి ఆదేశం తప్పనిసరి.'

శనివారం బల్ల మీద కొత్త గుడ్డ పరిచి, ధ్రువపత్రాన్ని షరతుతో సహా అందరికీ కనిపించేలా నిలబెట్టాం. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో అమ్మ కూర్చుంది. జనం ఆటను తమ ఫోన్లలోకి ఎక్కించుకుని, మైదానాలు దాటుకుంటూ, నవ్వుకుంటూ ఆడారు. చెల్లెలు మొహం చూస్తే నాకు కడుపు నిండిపోయింది. పిల్లలు ఎవరినీ అడక్కుండా గేటు దాటేసి చెరువులో బంతులు పోగొట్టుకుంటున్నారు. పెద్దవాళ్లు మాత్రం ఏడో గుంట రాగానే ఫోను పట్టుకుని అమ్మ ముందుకు వచ్చి నిలబడుతున్నారు. అమ్మ ఒక్కొక్కరికీ "కొట్టు నాయనా", "కొట్టమ్మా" అని చెబుతోంది. వరస చెదరకుండా చూసుకుంటున్నది పరిశీలనాధికారి గారు, సెలవు పెట్టి మరీ వచ్చారు.

మధ్యాహ్నానికి నేనూ ఏడో గుంటకు చేరాను. మా అమ్మే కదా అని నేరుగా ముందుకు వెళ్లబోతే, ఆయన నా భుజం పట్టుకుని క్యూలో నిలబెట్టారు. నా ముందు ముప్పై నలుగురున్నారు. గేటు తెరిచే ఉందని మా అందరికీ తెలుసు.